మా బావ నోట్లో ఎండి

మా జగ్గారావు బావ జంతిక కొరికినాడు. జంతిక ఇరగలేదు, పన్ను ఇరిగినాది.

పన్నంటే మొత్తం పన్ను కాదు. కుర్రతనంలో పుచ్చిపోతే ఎవులో డాక్టరు గొయ్యి తవ్వి ఎండి సిమెంటు పెట్టి పూడ్సీసినాడు. మా గాజువాకలో అందరం అలగే అంటాం మరి. పంటికి తెల్లది పెడితే సిమెంటు, తళతళమనేది పెడితే ఎండి సిమెంటు. బావ నోట్లో అలాటివి మూడున్నాయి. ఆయన నోరంతా తెరిసి ఆవులించినప్పుడల్లా నాను, "బావా, లైట్‌హౌసు ఎలిగినాది, ఇంక ఓడలు లోపలికి రావొచ్చు" అనీవోణ్ణి.

నా పేరు కామరాజు. పోర్టులో క్రేను కింద నిలబడి, పైనున్న డ్రైవరుకి సేతుల్తో సిగ్నళ్ళిచ్చే ఖలాసీగా సేసి రిటైరైపోనాను. జగ్గారావు బావ పెళ్ళాం నారాయణమ్మ నాకు అప్ప, తోడబుట్టిన అక్క. పక్కీదిలోనే నా ఇల్లు. ఇల్లంటే తొంగోడానికే. టిపినూ టీలూ అన్నీ అప్ప దగ్గరే.

ఊరికే తింటే బాగోదని నాను ఆలింట్లో కాస్త సరదా పుట్టిస్తా ఉంటాను. బావ బూట్లో సింతపండు పెట్టినాను. పండగ ముందర "మీ ఇంటికి మునిసిపాలిటీవోలు వస్తన్నారు" అని సెప్పి అప్ప సేత ఇల్లంతా సున్నం ఏయించినాను. ఒకపాలి "గ్యాసు లీకవుతందోలప్పో!" అని అరిసినాను. అప్ప సీర ఎగ్గట్టి ఈదిలోకి పరిగెట్టినాది. తిరిగొచ్చీసరికి పెనంలో ఏగుతన్న వంజరం సేప ముక్కలు లేవు. మూతి తుడుసుకుంటా నానున్నాను.

అందుకని ఆ ఇంట్లో నా నోటిని ఎవులూ నమ్మరు. సెయ్యిని మాత్రం నమ్ముతారు. ఎందుకంటే, క్రేను కొక్కేనికి బరువు యాలాడతా ఉంటాది, కింద మడుసులుంటారు. సిగ్నలిచ్చేవోడు సరదాకి సెయ్యి ఊపినాడంటే ఎవుడింటికో ఏడుపే. నా నోరు ఎన్ని కూసినా నా సెయ్యి ఏనాడూ అబద్దం ఆడలేదు. బోయినాల కాడ "సాలప్పా" అంటే అప్ప ఇంకో గరిటి కుమ్మరిస్తాది. అదే అరసెయ్యి బోర్లించి అడ్డంగా ఊపినానంటే గరిటి గాల్లోనే ఆగిపోద్ది.

సరదాల్లో బావ నాకు పూర్తిగా ఎదురు. స్టీలు ప్లాంటులో సేఫ్టీ సెక్షను. ఇంట్లో బల్బు మార్సాలన్నా హెల్మెట్టు పెట్టుకుంటాడు. దీపావళికి కాకరపువ్వొత్తి ఎలిగించాలంటే ముందు ఇసక బక్కెట్టు, తర్వాత నీళ్ళ బక్కెట్టు, ఆ తర్వాత ఉపన్యాసం. ఉపన్యాసం అయ్యీసరికి పక్కింటోల కాడ దీపావళి అయిపోద్ది.

అలాటి మడిసి నోట్లో ఎండి సిమెంటు ఇరిగినాది. ఊసినాడు. అప్ప ఆ ముక్కని కడిగి ఎక్కడో పెట్టినాది. ఎక్కడ పెట్టినాదో నాను సూడలేదు. నాను జంతికలు సూస్తన్నాను.

సాయంత్రం కాలనీ వాట్సప్పు గ్రూపులో బావ ఓ మెసేజి పట్టినాడు. కళ్ళజోడు సర్దుకుని గట్టిగా సదివినాడు.

"మీ పంటిలో ఉన్నది వెండి కాదు, పాదరసం! మతిమరుపు, నడుం నొప్పి, చిరాకు, బట్టతల, అన్నింటికీ ఇదే కారణం! వెంటనే అందరికీ పంపండి!"

సదివి, ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇదన్నమాట కామరాజూ," అన్నాడు. "ఇందుకే నాకు ప్రమోషను రాలేదు."

"పాదరసం వల్లా?"

"ఇంటర్వ్యూలో అన్నీ మరిసిపోనాను కదేటి. నాకు తెలివి లేక కాదు. పన్నే పాడుసేసినాది."

అప్ప సేటలో బియ్యం ఏరుతన్నాది. తలెత్తకుండా అన్నాది, "పెళ్ళైన మొదటేడు నన్ను సినిమా హాల్లో మరిసిపోయి ఇంటికొచ్చీసావు. అప్పుడు నీ పళ్ళన్నీ సుద్దంగానే ఉన్నాయి."

"ఊరుకో అప్పా," అన్నాను నాను. "ఆయన్ని బెదిరించకు. బావా, ఓ లాభం సూడు. ఇకమీద జొరమొస్తే థర్మామీటరు అక్కర్లేదు. నోరు తెరిసి అద్దంలో సూసుకో, పాదరసం ఎంత దాకా ఎక్కినాదో కనిపిస్తాది."

బావ నవ్వలేదు. నిజంగానే అద్దం కాడకి ఎల్లినాడు.

ఆ తర్వాత రెండ్రోజులూ నొప్పి ఎక్కువైనాది. సల్లనీళ్ళు తగిల్తే బావ గెంతుతన్నాడు. అప్పుడు అప్ప పసుపుగుడ్డలో మొక్కు కట్టినాది. కళ్ళజబ్బు తగ్గితే అమ్మోరికి ఎండి కళ్ళిస్తారు కదా, అలగే మా ఈది నూకాలమ్మకి ఎండి పన్నిస్తానని.

నా నోరు ఊరుకుంటాదేటి?

"ఎండి కొనడం ఎందుకే అప్పా? బావ నోట్లో బోల్డంత ఉన్నాది. ఎవుడి నొప్పికి ఆడి ఎండే ఇస్తే అమ్మోరికి ఇంకా ఇష్టం."

సరదాకే అన్నాను. అప్ప సేట కింద పెట్టి నన్ను సూసినాది. ఆ సూపు గుళ్ళో సూసే సూపు.

"ఒరే తమ్ముడూ. పుట్టిన కాణ్ణించీ నీ నోటంట ఒక్క మంచిమాట రాలేదు. ఇది నువ్వన్నది కాదు, అమ్మోరే అనిపించినాది."

నాను నవ్వుకున్నాను. నవ్వుకుని టీ అడిగినాను.

మర్నాడు ముగ్గురం ఆటోలో పళ్ళ డాక్టరు కాడకి ఎల్లినాం. హిమబిందు గారని, కుర్రావిడ. బావ కుర్సీలో కూకోలేదు. దాని సుట్టూ ఓ తిరుగుడు తిరిగి, వయిర్లు సూసి, కిటికీ సూసి అడిగినాడు.

"మేడం, ఇది ప్రమాదం పని. సేఫ్టీ ఏర్పాట్లేటి?"

ఆవిడ నవ్వీసి ఊరుకుంటాదనుకున్నాను. లేదు. ఒక్కోటీ తీసి సూపించినాది.

"ఇది రబ్బరు షీటండీ. పన్ను ఒక్కటే పైకి కనిపించేలా నోరంతా మూసేస్తాం. తీసిన పొడి గొంతులోకి పోదు. ఇది గట్టిగా పీల్చే గొట్టం. వేడెక్కకుండా నీళ్ళు పడుతూనే ఉంటాయి. పాతదాన్ని పొడి చేసేయకుండా వీలైనంత పెద్ద ముక్కలుగా కోసి తీస్తాం. మీకు కళ్ళజోడు, ముక్కుకి గాలి గొట్టం. మాకు మాస్కులు. కిటికీ తెరిచే ఉంటుంది."

బావ మొకం సూడాలి. పెళ్ళిసూపుల్లో మా అప్పని సూసినప్పుడు కూడా అలగ ఎలగలేదు. తనకంటే జాగర్తగా ఉండే మడిసి ఈ బూమ్మీద దొరుకుతాదని ఆయన అనుకోలేదు మరి. సప్పుడు సెయ్యకుండా కుర్సీ ఎక్కీసినాడు.

"మూడూ తీసీండి మేడం. నాకు మతిమరుపు తగ్గాల."

ఆవిడ లైటేసి, అద్దం పెట్టి సూసినాది. "విరిగిందాన్ని తీయాలి. దీని పక్కదాని కింద పుచ్చు పట్టింది, అదీ తీయాలి. మూడోది గట్టిగా ఉంది, దాన్ని కదపను."

"పాదరసం కదండీ!"

"కదలకుండా ఉన్నదాంతో కంగారు లేదండీ. బాగున్నదాన్ని తవ్వితేనే ఎక్కువ ఆవిరి లేస్తుంది. ఇక మతిమరుపుకీ దీనికీ ముడిపెట్టకండి."

"ఇన్నావేటయ్యా?" అన్నాది అప్ప, తలుపు కాడ నుంచి. ఆ మాటలో బావ మరిసిపోయిన పెళ్ళిరోజులు ఎన్నున్నాయో నాకు తెలుసు.

బావకి సూదేసినారు. దవడ మొద్దుబారిపోనాది. ఆకుపచ్చ రబ్బరు షీటు కట్టి, కళ్ళజోడెట్టి, ముక్కుకి గొట్టం తగిలించినారు. నాను తలుపు అద్దంలోంచి సూసినాను. సముద్రంలో మునిగీవోడికీ మా బావకీ తేడా లేదు. జుయ్యిమని కోత, గుర్రుమని పీల్పుడు. ముక్కలు ఒక్కోటీ పట్టకారుతో తీసి నీళ్ళున్న సీసాలో పడేసి మూత బిగించినారు. తర్వాత తెల్ల సిమెంటు కూరి, నీలం లైటు పెట్టి గట్టిపరిసినారు. అయిపోనాది. బావ దిగినాడు. కింద పెదం ఓ పక్కకి యాలాడిపోయి, తెరసాప కట్టని పడవలాగ ఉన్నాది.

"నాలుగు గంటలు ఏమీ తినకండి, వేడివి అసలొద్దు. మొద్దుగా ఉంది కదా, బుగ్గ కొరికేసుకుంటారు," అన్నాది డాక్టరు.

అప్పుడు మా అప్ప ముందుకొచ్చి కొంగు పట్టినాది.

"మా ఎండి ఇచ్చీండమ్మా."

"ఏ వెండండీ?"

"ఆ సీసాలోది. ఆయన నోట్లోది. అమ్మోరికి మొక్కున్నాది."

"అది ఇవ్వకూడదమ్మా. అందులో సగం పాదరసం. దాన్ని పట్టుకెళ్ళేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళకే ఇస్తాం."

అప్ప లెక్క యమ ఖచ్చితం. "సగం పాదరసమైతే మిగతా సగం మాదే కదేటి? అది ఇచ్చీండి."

"కుదరదమ్మా."

అప్ప కొంగు దోపుకున్నాది. "ఎవులు పట్టుకెల్తారో నాకు తెలీదేటి," అని గొణుక్కుంటా ఈదిలో ఆటో కాడకి ఎల్లిపోనాది.

అప్పుడు డాక్టరు మాతో మెల్లగా సెప్పినాది. "ఎవరి దగ్గరైనా ఇలాంటి ముక్కలుంటే పొయ్యి మీద పెట్టొద్దని చెప్పండి. కాలిస్తే వచ్చే ఆవిరికి రంగుండదు, వాసనుండదు. మూసిన గదిలో పీలిస్తే ఊపిరితిత్తులు పాడైపోతాయి, ప్రాణం మీదికొస్తుంది."

బావ తలూపినాడు. నానూ తలూపినాను. ముక్కలు సీసాలో ఉన్నాయి, సీసా డాక్టరమ్మ బీరువాలో ఉన్నాది. ఇంక భయమేటి?

భయం లేదు కాబట్టి ఆటోలో నా నోరు మళ్ళీ లేసినాది. అప్ప మూతి ముడుసుకుని కూకుంది. బావ మాటాడలేడు. ఇంతకంటే మంచి సమయం నాకెప్పుడొస్తాది?

"ఆవిడ తెలివైందే అప్పా. కాలిస్తే పాదరసం ఎగిరిపోద్ది, ఎండి మిగుల్తాదని తెలుసు. సాయంత్రానికి మెట్టెలు సేయించుకుంటాది."

బావ నన్ను మోసేత్తో పొడిసినాడు. "ఆఫ్... ఫాఫ..." అన్నాడు. పెదం మీంచి జొల్లు కారినాది. నాను రుమాలిచ్చినాను.

"కాలిస్తే ఎగిరిపోద్దా?" అన్నాది అప్ప.

"కాకెగిరినట్టు ఎగిరిపోద్ది."

ఇంటికొచ్చినాం. బావ మంచం మీద కూకుని అద్దంలో తెల్లపళ్ళు సూసుకుంటన్నాడు. నాను అరుగు మీద సెప్పులిప్పుతన్నాను. వంటింట్లోంచి కిటికీ తలుపులు మూసిన సప్పుడైనాది. మద్దేన్నపు ఉక్కలో కిటికీ ఎవులు మూస్తారు?

"కిటికీ మూస్తన్నావేటప్పా?"

"గాలికి పొయ్యి ఆరిపోతందిరా."

లోపలికి తొంగి సూసినాను. పొయ్యి ఎలిగించున్నాది. అప్ప ఎడం సేతిలో కుంకం బరిణి. కుడి సేతిలో ఇనప గరిటి. బరిణిలోంచి ఏదో తీసి గరిటిలో ఏసినాది. టింగుమన్నాది.

జంతిక కొరికినప్పుడు ఊసిన ముక్క.



"అప్పా! అదేటి?"

"మీ డాక్టరమ్మ సీసా ఆవిడే ఉంచుకోమను. ఇది నాకాడున్నాది. నువ్వే సెప్పినావు కదేటి, కాలిస్తే పాడు ఎగిరిపోద్దని. అమ్మోరికి సిమెంటు కలిసిన ఎండి ఇస్తానేటి? సుద్ది సేసి ఇస్తాను."

"అప్పా, ఒద్దు! ఇసం అది! పీలిస్తే సచ్చిపోతావు!"

అప్ప నవ్వినాది. "గ్యాసు లీకవుతందోలప్పో," అన్నాది, అచ్చం నా గొంతుతో. "ఈపాలి ఏ సేపా లేదురా పెనంలో. ఎల్లు."

"ఒట్టప్పా! డాక్టరమ్మే సెప్పినాది!"

"మునిసిపాలిటీవోలు కూడా వస్తన్నారేటి?"

"మన అమ్మ మీద ఒట్టు!"

"ఆ ఒట్టు సున్నం ఏయించినప్పుడు కూడా ఏసినావు."

ఏసినాను. నిజమే. ఇన్నేళ్ళూ నాను పోగేసుకున్నదంతా ఆ పొయ్యి కాడ నాకు అడ్డం నిలబడినాది. వంటింట్లోకి దూకుదామంటే ద్వారానికి అడ్డంగా పిండి డబ్బాలూ, బిందెలూ. దూకితే గరిటి మంటలోనే పడతాది.

"బావా! రా! నువ్వు సెప్పు!"

బావ పరిగెత్తుకొచ్చినాడు. గరిటి సూసినాడు, మంట సూసినాడు. ఇన్నేళ్ళ సేఫ్టీ అంతా గొంతులోకొచ్చి మొద్దుబారిన నాలిక కాడ ఆగిపోనాది.

"ఆవాయమ్మా! ఫాఫ... ఫాఫ-అఫం!"

"పాయసమా?" అన్నాది అప్ప. "తినకూడదన్నారు కదేటయ్యా. సాయంత్రం సేస్తాన్లే."

"ఆ... అఫం! అఫం!"

"రసమా? రసం పొద్దున్నదే ఉన్నాది. ఏడివి ఒద్దన్నాది కదా ఆవిడ."

బావ తల బాదుకున్నాడు. అప్ప గరిటి మంట మీదకి దించుతన్నాది.

అప్పుడు నా నోరు మూసుకున్నాను. కాళ్ళు ఎడం సేసి నిలబడినాను. రెండు సేతులూ బారసాపి, అరసేతులు కిందకి తిప్పి, అడ్డంగా ఊపినాను. క్రేను మీదోడు ఎంత ఎత్తునున్నా ఈ సిగ్నలు సూసినాడంటే లివరు వదిలీస్తాడు. ఉన్నదున్నట్టు ఆగిపోవాల. ఎందుకని అడక్కూడదు. కింద మడుసులున్నారని అర్థం.

బోయినాల కాడ నాను ఊపీది ఒక సెయ్యే. రెండు సేతులూ ఊపడం అప్ప ఎప్పుడూ సూడలేదు.

గరిటి గాల్లో ఆగిపోనాది.

అప్ప గరిటి సూడలేదు, నా మొకం సూడలేదు. నా సేతులే సూసినాది. అవింకా అడ్డంగా ఊగుతానే ఉన్నాయి.

"నిజవేట్రా?" అన్నాది మెల్లగా.

నోరిప్పితే మళ్ళీ పాడైపోద్దని భయం. సెయ్యితోనే సూపించినాను. వెనక్కి. మెల్లగా. కిందకి. ఆపు. అప్ప ఒక్కోటీ సూస్తా, అలగే గరిటిని పొయ్యికి దూరంగా జరిపి, గట్టు మీద దించినాది. ఎంత బరువైన ఓడ సరుకూ అంత నెమ్మదిగా దించలేదు నాను. బావ బిందెలు తన్నుకుంటా ఎల్లి పొయ్యి ఆర్పీసినాడు. కిటికీ తెరిసినాడు. ఆ తర్వాత ఎల్లి హెల్మెట్టు పెట్టుకున్నాడు. అంతా అయ్యాక ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

అప్ప పీట మీద కూలబడినాది. "మరి సచ్చిపోతావని సెప్పొచ్చు కదరా," అన్నాది.

"సెప్పినాను కదే!"

"నువ్వు సెప్పడం వేరు, సెప్పడం వేరు."

నాను వంగి బావ తన్నిన బిందెలు ఏరినాను.

బావ గ్లవుజులేసుకుని, ముక్కని హార్లిక్సు సీసాలో నీళ్ళల్లో ఏసి, మూత బిగించి, మూత సుట్టూ ఎర్రరిబ్బను కట్టినాడు. ముగ్గురం మళ్ళీ ఆటో ఎక్కినాం. ఆటోవోడు స్పీడుబ్రేకరు కాడ కుదిపినప్పుడల్లా బావ "ఫ్లో! ఫ్లో!" అని అరిసినాడు. డాక్టరు సీసా అందుకుని, మమ్మల్ని ముగ్గుర్నీ సూసి, "ఎవరు కాల్చబోయారు?" అనడిగినాది. అప్ప నన్ను సూసినాది. నాను గోడమీద పళ్ళబొమ్మ సూసినాను. బావ మా ఇద్దర్నీ సూపించినాడు.

నొప్పి తగ్గిపోనాది. మూడోరోజుకి బావ జంతికలు అడిగినాడు. నొప్పి తగ్గితే మొక్కు తీరాల కదా. అప్ప నన్ను పిలిసి ఎదురుగా కూకోబెట్టినాది.

"అమ్మోరికి మాటిచ్చీసినాను. నోట్లో ఎండి ఇమ్మన్నది ఎవులు?"

"నానే, గాని సరదాకి..."

"కాలిస్తే ఎగిరిపోద్దన్నది ఎవులు?"

"నానే, గాని..."

"ఎండి నీ నోట్లోంచే వచ్చినాది. నువ్వే ఇయ్యి."

ఆమె సూపు నా నడుం కాడ ఆగినాది. నా మొలకి మా అమ్మ కట్టిన ఎండి మొలతాడున్నాది. నాను పోర్టులో బనీను ఎగ్గట్టి నడిస్తే ఖలాసీలందరూ దాన్నే సూసీవోరు. నా నోరు ఎంటనే మొదలెట్టినాది. అది ఎండి కాదని, సత్తని, గిల్టని, అప్పు తెచ్చిందని. అప్ప సెవొగ్గి ఇంటా కూకుంది.

ఒక్క దారి ఉన్నాది. సెయ్యి బోర్లించి అడ్డంగా ఊపితే అప్ప ఆగిపోద్ది. ఎందుకని కూడా అడగదు.

సెయ్యి సగం లేసినాది. లేసి, మళ్ళీ ఒళ్ళో పడిపోనాది. దానికి అబద్దం అలవాటు లేదు.

"తియ్యి," అన్నాది అప్ప.

కంసాలి అచ్యుతరామయ్య కాడ ఎండి కళ్ళకి అచ్చున్నాది, ఎండి పాదాలకి అచ్చున్నాది. పన్నుకి లేదు. ఎవులూ అడగలేదంట. బావని నోరు తెరవమని సూసి సేసినాడు. ఇప్పుడు నా మొలకి నల్లతాడు. లుంగీ జారకుండా సెయ్యేసి పట్టుకోవాల్సొస్తంది.

మంగళారం ముగ్గురం నూకాలమ్మ గుడికెల్లినాం. అప్ప పళ్ళెంలో పసుపు, కుంకం, మజ్జిన ఎండి పన్ను. పూజారి దాన్ని రెండేళ్ళతో పైకెత్తి, ఎలుగులో అటూ ఇటూ తిప్పి సూసినాడు.

"ఇదేటమ్మా, ఎల్లుల్లి రెబ్బా?"

"కాదు బాబూ," అన్నాది మా అప్ప, సెంపలేసుకుంటా. "మా తమ్ముడి నోరు."